మాబు మంత్రం దాచిన ఉంగరం

మా అమ్మాయి ఆదివారం మధ్యాహ్నాలు గది తలుపు వేసుకుని స్నేహితులతో ఏదో ఆట ఆడుతుంది. ఒక్కొక్కరు ఒక్కో ఊళ్లో ఉంటారు, ఫోన్లలో కలుసుకుంటారు. బయటికి వినపడే మాటలను బట్టి అందులో కత్తులున్నాయి, మంత్రాలున్నాయి, రాక్షసులున్నారు. నేను పెద్దగా పట్టించుకునేదాన్ని కాదు. పోయిన వారం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుని ఉంటే వచ్చి, వాదనలో నన్ను మించినవాళ్లు కడపలో లేరు కాబట్టి ఈ తగువు తీర్చమని ఫోను నా ముందు పెట్టింది. మంత్రాన్ని లోపల దాచుకునే ఉంగరం ఒకటి ఉందట. ఒకరు అందులో మంత్రం పెడతారు, ఇంకొకరు దాన్ని వేలికి తొడుక్కుని అవసరం వచ్చినప్పుడు వాడుకుంటారు. ఆ మంత్రం పనిచేసేటప్పుడు బలం ఎవరిది, పెట్టినవాడిదా తొడుక్కున్నవాడిదా అని ఎక్కడెక్కడి మనుషులో పేజీలకు పేజీలు వాదించుకుంటున్నారు. నేను కాయల మీది నుంచి తల ఎత్తకుండానే పెట్టినవాడిదే అన్నాను. నీకెలా తెలుసంది. మా జేజి, అంటే మా నాయనమ్మ, ఎప్పుడో తీర్పు చెప్పిందన్నాను. అమ్మాయి పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా అన్న పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆ ఉంగరం నా బీరువాలో చీరల అడుగున ఉంది.

మాది పత్తికొండ అవతల, సగం మాటలు కన్నడంలో వినపడే పల్లె. వేరుశనగ, ఉల్లిగడ్డ, వాన పడితే జొన్న. మమ్మల్ని చదివించాలని పట్టుపట్టిన మా నాయన కర్నూలు బుధవారపేటలో రెండు గదుల ఇల్లు బాడుగకు తీసుకుని, వండిపెట్టడానికి మా జేజిని తోడిచ్చి పంపాడు. అప్పట్లో సేద్యం ఇళ్లలో ఇది మామూలే. అమ్మానాయనలు భూమి దగ్గర, పిల్లలు నాయనమ్మ దగ్గర. పొద్దున జేజి రొట్టె తట్టే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. ఊరి నుంచి బండి మీద వచ్చిన కందికట్టె పొయ్యిలో చిటపటలాడేది. ఊరుబిండి పచ్చడికి మిరపకాయలు వేయిస్తే ఆ ఘాటుకు వీధి వీధంతా దగ్గేది, ఎదురింట్లో మిషను కుట్టే ఖాజా సాబు దగ్గుతూనే ఈ రోజు ఏం చేస్తున్నావమ్మా అని అడిగేవాడు. జేజి ఒక రొట్టె మీద బిండి పెట్టి ఆ ఇంటికి పంపేది. వాళ్లింట్లో ఏదైనా మంచిది చేస్తే మా ఇంటికి వచ్చేది. నాపరాయి పరిచిన ఆ గదుల్లో వేసవి ఎట్లా ఉండేదో ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. తడిపిన గోనెపట్టా కిటికీకి కట్టి, దాని కింద తల పెట్టుకుని పడుకునేవాళ్లం. ఇప్పుడు మా ఇంట్లో రెండు ఏసీలున్నాయి, నాకు నిద్ర పట్టదు.

జేజి ఎడమ జబ్బకు నల్లదారంతో కట్టిన రాగి తాయెత్తు ఉండేది. దర్గా దగ్గర కట్టించుకున్నది. గురువారాలు ఖాజా సాబు భార్య బీబమ్మతో కలిసి ఆమె అక్కడికి పోయేది. ఆ తాయెత్తుకు ఉన్నన్ని నియమాలు మా నాయన సేద్యానికి కూడా లేవు. ఒకరికి కట్టింది ఇంకొకరికి పనికిరాదు. ఒక తాయెత్తు ఒక ఆపదనే కాస్తుంది, ఆపద దాటిందంటే అందులో మందు అయిపోయినట్లే, కొత్తది కట్టించుకోవాలి. పొలంలో తేలు కుట్టి బతికిన మరుసటి వారమే ఆమె పాత తాయెత్తును బావిలో వేసి కొత్తది తెచ్చుకుంది. అన్నిటికంటే ముఖ్యమైన నియమం చావు గురించి. చావు జరిగిన ఇంటికి తాయెత్తుతో పోకూడదు. పోతే లోపలున్న బలం అక్కడే దిగిపోతుంది, చేతికి మిగిలేది ఉత్త రాగి. అందుకని వీధిలో ఎక్కడ ఏడుపు వినపడినా జేజి ముందు తాయెత్తు విప్పి, గడప పక్కన మేకుకు తగిలించి, అప్పుడు చెప్పులు వేసుకునేది. తిరిగొచ్చి స్నానం చేసి మళ్లీ కట్టుకునేది. ఆమెను ఆ మేకుతో కలిపే నేను గుర్తు పెట్టుకున్నాను.

మా అన్న పాలిటెక్నిక్ అయిపోయాక ఉద్యోగానికని బెంగళూరు పోయి, ఉద్యోగం లేకుండా ఒక పుస్తకంతో తిరిగొచ్చాడు. అక్కడ పేవ్‌మెంటు మీద దొరికిందట. ముందు అట్ట లేదు. నీళ్లలో నాని ఆరిన కాగితాలు, ఎవరిదో సిగరెట్ వాసన. అంతా ఇంగ్లీషు. మొదట్లో అది కథల పుస్తకమనుకున్నాను. కాదు, కథ మనమే కట్టుకోవడానికి కావలసిన నియమాల పుస్తకం. ఒకడు ఆట నడుపుతాడు. మిగిలినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో మనిషి వేషం వేసుకుంటారు, ఒకడు కత్తి వీరుడు, ఒకడు వైద్యుడు, ఒకడు మంత్రగాడు. నడిపేవాడు మీరు అడవిలో ఉన్నారు, ఎదురుగా గుహ ఉంది, ఏం చేస్తారు అని అడుగుతాడు. మనం చెప్పింది జరుగుతుందో లేదో పాచికలు వేసి తేలుస్తారు. ఆ పుస్తకం అడిగే రకం పాచికలు కర్నూల్లో యాడా దొరకవు. అందుకని జేజి గవ్వలు తీసుకున్నాం, అష్టాచెమ్మాకు వాడుకునేవి. ఉద్యోగం రాని మనిషి అన్నం తినకుండా కూర్చుంటాడేమో అని భయపడిన జేజి, వాడు ఆ పుస్తకంలో తల పెట్టి రొట్టెలు నమిలి మింగుతుంటే సంతోషపడి గవ్వలు ఇచ్చేసింది.

సాయంత్రం మిద్దె మీద నీళ్లు చల్లితే బండల నుంచి వేడి ఆవిరి లేచేది. అది అణిగాక చాప వేసి కూర్చునేవాళ్లం. అన్న ఆట నడిపేవాడు. నేను కత్తి పట్టినదాన్ని. మూడో మనిషి ఖాజా సాబు కొడుకు మహబూబ్, మాకు మాబు. ఇంటర్ చదువుతూ తండ్రికి కాజాలు కుట్టిపెట్టేవాడు. వాడు తీసుకున్న వేషం వైద్యుడిది. హకీము అనేవాడు. ఎవరికి గాయమైనా వాడి దగ్గరికే పోవాలి. మా అన్న చూపించిన అడవి ఎప్పుడూ నల్లమలే, గుహ ఎప్పుడూ బెలుమే, మంచి నీటి ఊట కనపడిందంటే అది మహానంది కోనేరులాగే అడుగున నాణెం కనిపించేంత తేటగా ఉండేది. మేం ఎటూ తోచక ఇరుక్కుపోయినప్పుడల్లా ఏటి ఒడ్డున పుట్టి, అదే గుండ్రటి బుట్ట పడవ, నడిపే ముసలాయన ఒకడు వచ్చేవాడు, ఈరన్న అని. వాడి మాట మా అన్నే మాట్లాడేవాడు, గొంతు బొంగురు చేసి, మధ్య మధ్య దగ్గుతూ. ఈరన్న దారి చూపించేవాడు కాదు, నాలుగు తిట్లు తిట్టి పుట్టి ఎక్కించుకునేవాడు. మాబు పడి పడి నవ్వేవాడు. ఈరన్న కోసమే కావాలని దారి తప్పేవాడని నా అనుమానం.

ఒక గుహలో మాకు ఆ ఉంగరం దొరికింది. గుర్తుగా అన్న నిజంగానే ఒకటి ఇచ్చాడు, మా ఎద్దు మెడ గజ్జెల పట్టీ నుంచి ఊడిపోయిన చిన్న ఇత్తడి రింగు. అది ఎవరి వేలికి ఉంటే ఆటలో ఉంగరం వాళ్లది. చిక్కంతా ఏమిటంటే, పుస్తకంలో ఆ ఉంగరం గురించి రాసిన కాగితం సగానికి చినిగిపోయింది. మంత్రాలు దాచుకుంటుంది అన్నంత వరకు ఉంది, ఎట్లా, ఎవరికి, ఎంతకాలం అన్నది పోయింది. ఇక తగువులు మొదలయ్యాయి. మాబు పెట్టిన మంత్రం నేను వాడితే ఆ రోజు మాబు బలం తగ్గాలా, నా బలమా? నాకు మంత్రాలు రావు కదా, నా నోట్లో మంత్రం పలుకుతుందా? ఒకసారి వాడిన తర్వాత మళ్లీ నింపుకోవచ్చా? నేను ఒక్క మాటకు పది మాటలనేదాన్ని, మాబు నవ్వుతూనే నాకు ఎదురుచెప్పేవాడు, అన్న రెండు చేతులతో తల పట్టుకునేవాడు. చివరికి ముగ్గురం దిగి జేజి దగ్గరికి పోయాం. ఆమె చేట ముందర పెట్టుకుని కొర్రలు చెరుగుతోంది. ఉంగరం అనకుండా తాయెత్తు అనుకోమని చెప్పి అన్న అడిగాడు.

"కట్టినోని బలమే పని చేస్తాది గానీ, కట్టుకున్నోని బలం యాడుండాది? కట్టుకున్నోనికి బలముంటే తాయెత్తు ఎందుకప్పా?" అంది జేజి.

ఆ రోజు నుంచి చినిగిన కాగితంలో లేనివన్నీ జేజి నియమాలే. వాడితే ఖాళీ. ఖాళీ అయితే మళ్లీ పెట్టించుకోవాలి. వాటికి అన్న ఎంత కట్టుబడ్డాడంటే, ఆటలో ఒక ఊళ్లో చావు ఇంటికి పోవలసి వస్తే నేను ఉంగరం తీసి ఊరి బయట చెట్టు కొమ్మకు తగిలించి పోవలసి వచ్చింది. కడప నుంచి కాశీ దాకా ఆ పుస్తకం చదివినవాళ్లు ఎంతమంది ఉన్నా ఈ పని మేం తప్ప ఎవరూ చేసి ఉండరు. పుస్తకం రాసిన వాళ్లు చూస్తే తల బాదుకునేవాళ్లు. అన్న తీర్పులు మాత్రం రాయి మీద గీసినట్లుండేవి. నేను ఏడ్చినా, అలిగినా మారేవి కావు. నిజంగా మంచి వాదన తీసుకొస్తే మాత్రం మారేవి. వాదన బాగుంటే కళ్లు మూసుకుని ఆలోచించి, "సరే, ఒప్పుకుంటాండా" అనేవాడు. ఆ మాట కోసం నేను బడిలో పాఠాలు వినకుండా కూడా వాదనలు కట్టుకునేదాన్ని.

వానలు మొదలయ్యే ముందు ఒక సాయంత్రం మాబు ఉంగరంలో తన గాయం మాన్పే మంత్రం పెట్టాడు. పెట్టి, ఒక సందేహం అడిగాడు. నేను చచ్చిపోతే ఉంగరంలో నా మంత్రం ఉంటుందా పోతుందా అని. ఆటలో మాటే. మరుసటి రోజు పెద్ద పోట్లాట ఉంది, వాడి హకీము బతుకుతాడో లేదో అని వాడి దిగులు. అన్న గవ్వలు ఏరుకుంటూ, "అది వచ్చినప్పుడు చూద్దాం లే మాబూ" అన్నాడు. ఆ మరుసటి రోజు ఆట జరగలేదు. మాబుకు తలనొప్పి అన్నారు. తర్వాత జ్వరం, తర్వాత మూర్ఛలు, ఆసుపత్రిలో మెదడువాపు అన్నారు. వారం తిరగకుండానే వాణ్ణి ఇంటికి తెచ్చారు. ఖాజా సాబు మిషను మీద సగం కుట్టిన చొక్కా అట్లాగే ఉంది. బీబమ్మ ఏడుపు మా ఇంటి గోడలు దాటి వచ్చింది. జేజి లేచింది. తాయెత్తు విప్పింది, మేకుకు తగిలించింది. గడప దాటబోతున్న నన్ను ఆపి నా వేలు చూసింది. చెయ్యి చాపింది. నేను ఆ ఇత్తడి ఉంగరం తీసి ఇచ్చాను. ఆమె దాన్ని తన తాయెత్తు పక్కనే, అదే మేకుకు వేసింది. ఆటవస్తువని ఆమెకు తెలుసు. అయినా వేసింది. తిరిగొచ్చాక తలకు నీళ్లు పోసి, తనది తాను కట్టుకుని, నాది నా వేలికి తొడిగింది.

ఆ తర్వాత మేం ఆడలేదు. మాబు మంత్రం ఉందా పోయిందా అని నేను అన్నను అడగలేదు. వాడూ చెప్పలేదు. పుస్తకం తుంగభద్ర వరద కర్నూలు ఇళ్లలోకి వచ్చినప్పుడు బురదలో పోయింది. జేజి అంతకు ముందే పోయింది. ఉంగరం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది, పెళ్లయి కడప వచ్చినప్పుడు పసుపు కుంకుమల డబ్బాతో పాటు వచ్చింది. నేను కమలాపురంలో టీచరునయ్యాను. అన్న బెంగళూరు మాట మళ్లీ ఎత్తకుండా కర్నూల్లోనే మోటార్లు రిపేరు చేసే షాపు పెట్టుకున్నాడు. ఆ షాపులో కూడా వాడు ఆట నడిపేవాడిలాగే ఉండేవాడు. రైతు వచ్చి మోటారు కాలిపోయిందంటే, ఏం జరిగింది, అప్పుడు నువ్వేం చేశావు అని కథంతా చెప్పించుకునేవాడు. ఇద్దరం కలిస్తే పిల్లల చదువులు, వదిన మోకాళ్ల నొప్పులు, వానలు. మిద్దె మీద మాటలు ఎప్పుడూ రాలేదు. అన్నాచెల్లెళ్ల మధ్య ఇంత ఖాళీ ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. మనుషులు ఎదురుగా ఉండగానే మాట్లాడడం ఎందుకు మానేస్తారో కూడా తెలియదు.

రెండేళ్ల కిందట అన్న మూత్రపిండాలు పాడైపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. కాళ్లు వాచి, ముఖం నల్లబడి, నీళ్లు కూడా కొలిచి తాగవలసిన బతుకు. నా రక్తం సరిపోయింది, నా కిడ్నీ ఇస్తానన్నాను. నా చక్కెర జబ్బు వల్ల డాక్టర్లు కుదరదన్నారు. వదినది సరిపోలేదు. ఇక చేసేదేమీ లేదని నాకు అర్థమైన రోజున ఇంటికి వచ్చి డబ్బా తీసి ఆ ఉంగరం వెతికాను. ఎందుకని అడిగితే చెప్పలేను. నేను తాయెత్తులు నమ్మే మనిషిని కాను, పిల్లలకు సైన్సు చెప్పుకుని బతికినదాన్ని. కానీ మనిషి చేతుల్లో ఏమీ లేనప్పుడు ఏదో ఒకటి పట్టుకోవాలనిపిస్తుంది. పద్నాలుగేళ్ల పిల్ల వేలికి సరిపోయిన రింగు నా చిటికెన వేలికి కూడా బిగిసిపోయింది. దాన్ని అట్లాగే తోసుకుని కర్నూలు పోయాను.

అన్న మంచం మీద ఉన్నాడు, చేతికి గొట్టాలు, పక్కన యంత్రం తిరుగుతోంది. వదిన టీ తెస్తానని బయటికి పోయింది. నేను వేలు చూపించాను. చాలాసేపు చూశాడు. గుర్తుపట్టాడో లేదో అనుకున్నాను. మాబుది ఇంకా ఉండాదా పాపా అని అడిగాడు. నువ్వే చెప్పాలి, వాడు అడిగితే వచ్చినప్పుడు చూద్దామన్నావు అన్నాను. అన్న కళ్లు మూసుకున్నాడు. మిద్దె మీద తీర్పు చెప్పేముందు మూసుకున్నట్లే. ఉంటుందన్నాడు. పెట్టినవాడు పోయినా పెట్టింది పోదని, వాడిన రోజే ఖాళీ అవుతుందని, చావు ఇంటికి తీసుకుపోలేదు కాబట్టి చెడిపోలేదని నిదానంగా, ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. అన్నేళ్లు ఎదురుచూసిన తీర్పు అది. నేను ఆగలేదు. అయితే ఇప్పుడు వాడుతున్నా అన్నాను. ఎవరి మీద అని అడిగాడు, ఆటలో ఎప్పుడూ అడిగినట్లే. నీ మీద అన్నాను.

అన్న నవ్వడానికి ప్రయత్నించాడు. తల అడ్డంగా ఊపాడు.

"కాదు పాపా. ఆట నడిపేటోడు ఆటలో ఉండడు కదమ్మా. లేనోని మీద మంత్రం ఎట్ల పడతాది?"

నేను అక్కడే ఏడ్చేశాను. అంత ఏడ్చింది మా నాయన పోయినప్పుడు కూడా లేదు. ఎదురు మంచం మీది ముసలామె కొంగుతో కళ్లు తుడుచుకుంది, ఏం జరిగిందో తెలియకుండానే. నాకు కోపం కూడా వచ్చింది. చావు బతుకుల్లో ఉన్న మనిషి చెల్లెలి కోసం ఒక అబద్ధం ఆడలేడా, సరే పడింది అనలేడా అని. అనడు. అన్నాడంటే వాడు మా అన్న కాడు.

కడప వచ్చాక నాకు వేరే ఆలోచన లేదు. మార్కెట్లో కూరగాయలు ఏరుతున్నా, ఇంట్లో చపాతీ పిండి కలుపుతున్నా ఆ తీర్పును ఎట్లా తప్పించాలా అనే. ఇంట్లో వాళ్లు నేను అన్న గురించి దిగులు పడుతున్నాననుకున్నారు. నేను వాదన కట్టుకుంటున్నాను. పిచ్చని నాకు తెలుసు. కానీ నాకు చేతనైన పని అదొక్కటే. ఒక ఉదయం స్నానం చేస్తుంటే ఈరన్న గుర్తొచ్చాడు. పుట్టి నడిపే ముసలాయన. ఆ దగ్గు, ఆ తిట్లు, ఆ బొంగురు గొంతు అన్నీ మా అన్నవే. ఈరన్న ఆటలో ఉన్నాడు, మమ్మల్ని పుట్టి ఎక్కించాడు. ఈరన్న ఆటలో ఉన్నాడంటే అన్న ఆటలో ఉన్నట్లే. ఇంతకంటే మంచి వాదన నేను జీవితంలో కట్టలేదు. అన్న వింటే కళ్లు మూసుకుంటాడు, తర్వాత ఒప్పుకుంటాడు. దానివల్ల కిడ్నీలు బాగుపడవని నాకు తెలియక కాదు. ఒప్పుకుంటాండా అన్న మాట వాడి నోట ఇంకొక్కసారి వినాలని. నాకు అంతకు మించి ఏమీ వద్దు.

ఆ రోజే వదిన ఫోన్ చేసింది, ఆయాసం ఎక్కువైంది రమ్మని. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల. బస్సు ఎక్కడాగినా నాకు దిగి తోయాలనిపించింది. ఆసుపత్రికి పోయేసరికి అన్న ముఖానికి ఆక్సిజన్ పెట్టారు, కళ్లు సగం తెరిచి ఉన్నాయి, చూపు లేదు. వదిన పాదాలు రుద్దుతోంది. నేను చెవి దగ్గర వంగి, అన్నా, ఈరన్న ఎవరు, ఈరన్న ఎవరో చెప్పు అన్నాను. ఊపిరి గురగురలాడింది తప్ప ఏమీ లేదు. ఒక్కో ఊపిరికి మధ్య ఎడం పెరుగుతోంది. నర్సు వదిన భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఎందుకు వేస్తారో నాకు తెలుసు. అప్పుడు నా చూపు నా వేలి మీద పడింది. చావు గదిలో ఉంగరం. మాబు మంత్రం. జేజి చాపిన చెయ్యి కనపడింది. ఇంకా వాదన చెప్పనే లేదు, తీర్పు రానే లేదు, అంతలోపల ఉంగరం ఖాళీ అయిపోతే ఎట్లా అనుకున్నాను. బయటికి పోయి తగిలించి వచ్చేద్దాం, ఒక్క క్షణం అనుకున్నాను. వరండాలోకి వచ్చి లాగాను. రాలేదు. వేలు వాచి ఉంది. చేతులు కడుక్కునే కుళాయి దగ్గరికి పోయి, అక్కడున్న సబ్బు ముక్క రుద్ది, తిప్పి తిప్పి లాగాను. చర్మం లేచింది. ఉంగరం జారి సింకులో పడి గలగలమంది. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి వదిన కేక వినపడింది. ముందు ఏది వినపడిందో నాకు తెలియదు.

ఉంగరాన్ని సింకులోనే వదిలి నేను లోపలికి పోయేసరికి నర్సు ఆక్సిజన్ తీసేస్తోంది. అన్న నోరు కొంచెం తెరిచి ఉంది, ఏదో చెప్పబోయినట్లు. చెప్పబోయాడని నేననుకోను. ఆ సమయంలో అందరి నోరూ అట్లాగే ఉంటుందని తర్వాత ఎవరో అన్నారు. వదిన నన్ను చూసి, యాడికి పోతివి పాపా, నీ పేరే పిలిచినట్లుండె అంది. అది నిజమో, ఆమె ఓదార్పో, నేను అడగలేదు. అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.

తర్వాత సింకులోంచి తీసుకొచ్చి బీరువాలో పెట్టాను. అదీ మా ఉంగరం కథ. చిక్కుడుకాయలు పక్కన పెట్టి అంతా మా అమ్మాయికి చెప్పాను. మొదట నవ్విన పిల్ల చివరికి నా పక్కన నేల మీద కూర్చుంది. అప్పుడు మేం పుస్తకంలో ఒక కాగితం చినిగితే ఇంట్లో ముసలామెను అడిగాం. ఇప్పుడు కాగితాలన్నీ ఫోన్లో ఉన్నాయి, జవాబు చెప్పేవాళ్లు భూమికి ఆ చివర కూడా ఉన్నారు. నన్ను అడిగితే ఇదంతా ఉండీ లేనట్లే. మిద్దె మీద చాపపై పక్కన కూర్చున్నవాళ్లు ఒక్కరూ లేరు. బుధవారపేటలో ఆ ఇల్లు కూల్చి మూడంతస్తులు కట్టారు. ఆ మేకు ఉన్న గోడ కూడా లేదు. కానీ మా అమ్మాయికి పట్టుదల నా పోలికే. నీ ప్రశ్న నేను అడుగుతా, వాళ్లు తేలుస్తారు అని, ఫోన్లో వాదించుకునే ఆ మనుషులకే మా పేరు చెప్పకుండా రాసింది. ఉంగరం తీయడం, మనిషి పోవడం ఒకేసారి జరిగితే లోపలున్న మంత్రం ఉన్నట్లా, పోయినట్లా? మా ఇంటి నియమం కూడా వివరంగా రాసింది. నాకు ఆశ లేదన్నాను. అది అబద్ధం. రెండు రోజులు నేను ఆమె ఫోను వైపే చూస్తూ తిరిగాను.

నిన్న సాయంత్రం జవాబులు వచ్చాయి. ఇంగ్లీషువి తెలుగులో చెబుతూ ఆమె ఒక్కొక్కటే చదివింది. పోనుపోను గొంతు తగ్గింది. నేను ఇంకా ఏమన్నారు, ఇంకా ఏమన్నారు అని అడుగుతూనే ఉన్నాను. చివరికి ఫోను ఒళ్లో బోర్లించుకుంది.

"అందరూ ఒకే మాట చెప్తాండారమ్మా. ఇది పుస్తకంలో తేలేది కాదంట. మీ ఆట నడిపే మనిషినే అడగమంటాండారు."